చట్టంలో లేని ఒక్క మాట

నెదర్లాండ్స్‌లో ఆడవాళ్లకు ఓటు 1919లో వచ్చింది. ఆ గొడవ మాత్రం 1883లో ఒక డాక్టరమ్మ పెట్టుకున్న దరఖాస్తు దగ్గర మొదలైంది, తమాషా ఏంటంటే ఆ దరఖాస్తు వల్ల ముందు జరిగింది మేలు కాదు, చట్టం ఇంకా బిగుసుకుంది.

ఆవిడ పేరు అలెట్టా యాకోబ్స్. 1854లో గ్రోనింగన్ ప్రాంతంలోని సాపెమేర్‌లో పుట్టింది, నాన్న ఆ ఊరి డాక్టరు. ఆడపిల్లలకు మర్యాదలు నేర్పే బడిలో వేస్తే కొద్ది రోజులకే మానేసింది. 17 ఏళ్లప్పుడు, 1871లో, నన్ను యూనివర్సిటీలో చదవనివ్వండి అని ఏకంగా ప్రధానమంత్రి తోర్బెకెకే ఉత్తరం రాసింది. ఆయన సరే, ముందు ఒక్క ఏడాది చూద్దాం అన్నాడు, కాకపోతే ఆ జవాబు ఉత్తరం రాసిన అమ్మాయికి కాదు, వాళ్ల నాన్నకి పంపాడు! ఏదైతేనేం, 1879కల్లా డాక్టరేట్ పట్టా చేతికొచ్చింది. ఆ దేశంలో ఆడవాళ్లలో మొదటి డాక్టరు ఆవిడే.

ఆమ్‌స్టర్‌డామ్‌లో ప్రాక్టీసు పెట్టి, పేద ఆడవాళ్లకు డబ్బు తీసుకోకుండా చూసేది. వరసగా కాన్పులతో నలిగిపోయినవాళ్లు వస్తుంటే 1882 నుంచి గర్భం రాకుండా లోపల పెట్టుకునే పెసరీలు ఇవ్వడం మొదలుపెట్టింది, తోటి డాక్టర్లు మండిపడ్డారు. దుకాణాల్లో పొద్దస్తమానం నిలబడే అమ్మాయిల జబ్బులు చూసి, వాళ్లకు కూర్చోవడానికి కుర్చీలు వేయించాలని ఏళ్ల తరబడి పోరింది.

ఇక ఓటు సంగతి. అప్పట్లో అక్కడ ఫలానా మొత్తం పన్ను కట్టేవాళ్లకే ఓటు. చట్టంలో 'మగవాడు' అన్న మాట ఎక్కడా లేదు, ఆడవాళ్లు వచ్చి అడుగుతారని రాసినవాళ్లకు తట్టలేదు మరి. అలెట్టా ఆ పన్ను కడుతోంది, కాబట్టి నా పేరు జాబితాలో చేర్చండి అంది. నగరపాలకులు ఒప్పుకోలేదు: అక్షరాల లెక్కన చూస్తే మీ మాట నిజం కావచ్చు గానీ, చట్టం ఉద్దేశం అది కాదు అన్నారు. సుప్రీంకోర్టు దాకా వెళ్లినా ఓడిపోయింది. తర్వాత 1887లో రాజ్యాంగం సవరించినప్పుడు ఓటరు అంటే పురుషుడే అని స్పష్టంగా రాసేశారు. నేరుగా వెళ్లి అడిగేయడం అనే చిట్కా యూనివర్సిటీ తలుపు తెరిచింది గానీ, ఇక్కడ తిరగబడిందన్నమాట.

అక్కణ్ణుంచి దరఖాస్తులతో పని కాదని తేలిపోయింది, రాజ్యాంగాన్నే మార్చాలి. 1894లో ఓటు హక్కు సంఘం పుట్టింది, 1903 నుంచి దానికి ఆవిడే అధ్యక్షురాలు. మధ్యలో సొంత కష్టాలూ ఉన్నాయి, 1893లో పుట్టిన బిడ్డ ఒక్కరోజే బతికింది, 1905లో భర్త పోయాడు.

1917లో ఇంకో వింత: ఆడవాళ్లు ఎన్నికల్లో నిలబడవచ్చు గానీ ఓటు వేయకూడదు అన్నారు. దాంతో 1918లో సూజె గ్రూనెవెఖ్ అనే ఆవిడ మగవాళ్ల ఓట్లతోనే పార్లమెంటుకు వెళ్లింది.

అన్నట్టు, అలెట్టా కుర్రవయసులో లండన్‌లో కలిసినవాళ్లలో అనీబిసెంట్ కూడా ఉంది. మద్రాసు అడయార్‌లో 1917లో పుట్టిన భారత మహిళా సంఘానికి తొలి అధ్యక్షురాలు ఆ బిసెంటే. అప్పటి మద్రాసు రాష్ట్రంలో, అంటే మన కోస్తా, రాయలసీమలతో కలిపి, ఆడవాళ్లకు ఓటివ్వాలని 1921లో శాసనమండలి తీర్మానించింది, ఆస్తి ఉన్నవాళ్లకే అనుకోండి.

డచ్చి ఆడవాళ్లు పార్లమెంటు ఎన్నికల్లో మొదటిసారి ఓటేసింది 1922లో. అప్పటికి అలెట్టాకు 68 ఏళ్లు, పేరు చేర్చండి అని అడిగి 39 ఏళ్లు.