స్తంభం ఒకరిది, తీగలు పదిమందివి

హుద్‌హుద్ తుఫాను తర్వాత ప్రపంచ బ్యాంకు రుణంతో విశాఖపట్నంలో కొన్ని ప్రాంతాల కరెంటు లైన్లు భూమిలోకి దిగాయి. టీవీ, ఇంటర్నెట్ కేబుళ్లు మాత్రం ఇంకా గాల్లోనే ఉన్నాయి. అక్కయ్యపాలెం సందుల్లోనో, కంచరపాలెం వీధుల్లోనో, అల్లిపురంలోనో తలెత్తి చూస్తే ఒక్కో కరెంటు స్తంభానికి నల్ల కేబుళ్లు గుత్తులుగా వేలాడుతూ కనిపిస్తాయి. వాటిలో ఏది పనిచేస్తోందో, ఏది ఎప్పుడో చచ్చిపోయిందో కింద నిలబడి చూస్తే తెలియదు. స్తంభం ఎక్కినా చాలాసార్లు తెలియదు.

2025 ఆగస్టులో హైదరాబాద్ రామంతాపూర్‌లో కృష్ణాష్టమి ఊరేగింపు రథానికి కరెంటు తగిలి ఐదుగురు చనిపోయారు. ఆ తర్వాత అక్కడ స్తంభాల మీది కేబుళ్లను కత్తిరించడం, కంపెనీలు హైకోర్టుకు వెళ్లడం, కోర్టు అనుమతుల సంగతి అడగడం జరిగాయి. ఇలాంటప్పుడు మొదట వినిపించేది 'కేబుల్ వాళ్ల నిర్లక్ష్యం' అన్న మాటే. అందులో కొంత నిజముంది కానీ అది సగం కథే. ఈ చిక్కుముడి వెనక ఉన్నవి ముప్పై ఏళ్ల నిర్ణయాలు. ప్రతి నిర్ణయానికీ ఆనాటి కారణం ఒకటుంది. వేలాడదీయడం ఎలా అన్నది ప్రతిసారీ ఆలోచించారు. దించేది ఎవరో మాత్రం ఏ కాగితం మీదా గట్టిగా రాయలేదు.

మొదట్లో కరెంటు, సమాచారం రెండూ ఒకే స్తంభం పంచుకోలేదు. 1885 టెలిగ్రాఫ్ చట్టం ప్రభుత్వ టెలిగ్రాఫ్ అధికారులకు ఎవరి స్థలంలోనైనా స్తంభం పాతుకునే, తీగ లాగుకునే హక్కు ఇచ్చింది. నష్టం జరిగితే పరిహారం ఇవ్వాలి, అంతే. ఆ స్తంభాలు ఇనుపవి, వాటి మీద పింగాణీ కప్పులు, కప్పులకు ఏ తొడుగూ లేని తీగలు. కరెంటు వాళ్ల స్తంభాలు వేరు, దారులు వేరు. రెండూ పక్కపక్కన పోతే కరెంటు లైను ప్రభావంతో టెలిఫోన్ తీగలో గురగుర మొదలవుతుంది, లైనులో ఏదైనా లోపం వస్తే ఫోన్ ఎత్తినవాడికే ప్రమాదం. అందుకే పవర్ టెలికమ్యూనికేషన్ కోఆర్డినేషన్ కమిటీ ఏర్పడింది. ఇంజనీర్ల నోట పీటీసీసీ. హైటెన్షన్ లైను కొత్తగా వేయాలంటే దగ్గర్లోని టెలిఫోన్ లైన్లకు ఇబ్బంది లేదని ఆ కమిటీ ఒప్పుకోవాలి. కరెంటు లైను టెలిఫోన్ లైనును దాటేచోట, తీగ తెగిపడినా కిందిదానికి తగలకుండా మధ్యలో ఇనుప తీగల వల కట్టేవారు. రెండు శాఖలూ ఒకదానికొకటి దూరంగా ఉండటానికి ఒక కమిటీ ఉండేదన్నమాట. ఇప్పుడు విశాఖలో తూర్పు ప్రాంత విద్యుత్ పంపిణీ సంస్థ, అంటే ఈపీడీసీఎల్, ప్రధాన కార్యాలయం ఉన్నది సీతమ్మధార పీ అండ్ టీ కాలనీలో. తపాలా తంతి శాఖ పేరు మోసే కాలనీలో కరెంటు కంపెనీ కొలువుతీరింది.

టెలిఫోన్ శాఖ తర్వాత్తర్వాత రాగి కేబుళ్లను భూమిలోనే వేసుకుంది. ఎక్స్ఛేంజి నుంచి రోడ్డు పక్క పిల్లర్ బాక్సు దాకా, అక్కడి నుంచి వీధిలోని డీపీ పెట్టె దాకా భూగర్భమే. పెట్టె నుంచి ఇంటికి వచ్చే చివరి జంట తీగ మాత్రం పైనుంచి వచ్చేది. అంటే నలభై ఏళ్ల కిందట సమాచార తీగ మెల్లగా నేలలోకి దిగుతున్న దశలో ఉంది. దాన్ని మళ్లీ పైకి ఎక్కించింది టీవీ.

1991లో గల్ఫ్ యుద్ధం, ఆ వెంటే శాటిలైట్ ఛానళ్లు. 1995 నాటికి ఈటీవీ, జెమిని వచ్చేశాయి. మేడ మీద పెద్ద డిష్, కింద గదిలో కంట్రోల్ రూమ్ పెట్టి, ఒక కుర్రాడు కోయాక్సియల్ కేబుల్, అంటే టీవీ సిగ్నల్ మోసే నల్ల తీగ, చుట్ట భుజాన వేసుకుని ఇంటింటికీ లాగిన కాలం అది. మొదట మేడ నుంచి మేడకు, చెట్టు నుంచి చెట్టుకు లాగారు. వీధి దాటాలంటే మధ్యలో ఆధారం కావాలి. ఆ ఆధారం అప్పటికే ప్రతి వీధిలో సిద్ధంగా నిలబడి ఉంది. 1995 కేబుల్ టీవీ చట్టం ఆపరేటర్ రిజిస్టర్ కావాలంది. రిజిస్ట్రేషన్ చేసేది హెడ్ పోస్టాఫీసు. పోస్టాఫీసులో కాగితం పెట్టి టీవీ వ్యాపారం మొదలుపెట్టడం ఇప్పుడు వింటే నవ్వొస్తుంది కానీ అప్పటి నియమం అదే. ఆ కాగితం ఛానళ్లు చూపించడానికి పనికొచ్చింది. తీగ ఎక్కడ వేలాడాలో మాత్రం అందులో లేదు. కేబుల్ ఆపరేటర్లకు దారి హక్కు, అంటే ఇతరుల స్థలాల మీదుగా తీగ లాగుకునే హక్కు, అన్న మాట చట్టంలోకి వచ్చింది 2011 సవరణతోనే. అప్పటిదాకా పదిహేనేళ్లకు పైగా, నగరంలోని సగటు కేబుల్ ఏదో ఒక స్తంభాన్ని అడక్కుండానే పట్టుకుని వేలాడింది. విద్యుత్ శాఖ చూసీ చూడనట్టు ఊరుకుంది, అప్పుడప్పుడు పోల్ అద్దె అడిగింది, ఆపరేటర్లు ధర్నా చేశారు, వ్యవహారం మళ్లీ మొదటికొచ్చింది.

పాత పీటీసీసీ రోజుల్లోని భయం కూడా ఈ తొందరలోనే పోయింది. కోయాక్సియల్ కేబుల్‌కు లోహపు తొడుగు ఉంటుంది, దాన్ని మోయడానికి జీఐ వైరు, అంటే జింకు పూత పూసిన ఇనుప తీగ, కడతారు. సిగ్నల్ నీరసిస్తుంది కాబట్టి మధ్యమధ్యలో యాంప్లిఫయర్ పెట్టాలి, దానికి కరెంటు కావాలి. లోహం, కరెంటు, తడి స్తంభం ఒకచోట చేరాయి. తొడుగు లేని కరెంటు తీగ ఒకటి తెగి ఆ జీఐ వైరు మీద పడితే, వీధి చివరి దాకా ఆ వైరు తగిలిన ప్రతిదీ ప్రమాదమే.

విశాఖలో దీనికి తోడు ఉప్పుగాలి ఉంది. జీఐ వైరు మీది జింకు పూత సముద్రం దగ్గర తొందరగా పోతుంది. క్లాంపు తుప్పు పడితే కేబుల్ ఒక స్తంభం దగ్గర జారుతుంది, తర్వాతి స్తంభం దాని బరువు కూడా మోస్తుంది.

బరువు సంగతి కొంచెం లెక్కతో చూడాలి, ఎందుకంటే మాటల్లో ఇది ఎప్పుడూ అందచందాల సమస్యగా మిగిలిపోతోంది. గాలి భారం లెక్కించే భారతీయ ప్రమాణం ఐఎస్ 875లో విశాఖకు ఇచ్చిన ప్రాథమిక గాలి వేగం సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు. ఆ గాలి చదరపు మీటరు మీద మోపే ఒత్తిడి సుమారు 150 కిలోలు. సెంటీమీటరు మందమున్న కేబుల్ 50 మీటర్ల దూరం సాగితే గాలికి ఎదురయ్యేది అర చదరపు మీటరు. అంటే ఒక్క కేబుల్ వల్ల స్తంభం మీద 75 కిలోల పక్కతోపు. మన వీధుల్లో కనిపించే 8 మీటర్ల సిమెంటు స్తంభానికి, పైకొస దగ్గర తట్టుకోవాల్సిన పక్కతోపు సాధారణంగా 140 కిలోలు. భద్రత కోసం దానికి రెండున్నర రెట్ల బలంతో తయారుచేస్తారు. సమాచార కేబుల్ కరెంటు తీగల కంటే కిందే ఉంటుంది కాబట్టి దాని ప్రభావం కొంత తగ్గుతుంది, గుత్తిగా ఉంటే ఒకటి ఇంకొకదానికి అడ్డుపడుతుంది. ఇవన్నీ తీసేసినా, నాలుగైదు కేబుళ్లు చేరేసరికి డిజైను చేసినవాడు వదిలిన వెసులుబాటు దాదాపు అయిపోతుంది. కరెంటు తీగల మీద పడే గాలి ఇంకా కలపనే లేదు. ఇప్పుడు మీ వీధి చివరి స్తంభం మీద కేబుళ్లు ఎన్నున్నాయో చూడండి.

2014 అక్టోబర్ 12 మధ్యాహ్నం హుద్‌హుద్ విశాఖ మీదే తీరం దాటింది. గాలి దాదాపు ఆ ప్రమాణంలోని వేగంతోనే వీచింది. కైలాసగిరి మీద వాతావరణ శాఖ డాప్లర్ రాడార్ దెబ్బతింది, విమానాశ్రయం పైకప్పు లేచిపోయింది, కరెంటు స్తంభాలు వరసలు వరసలుగా ఒరిగాయి. రోజుల తరబడి కరెంటు లేదు, ఫోన్లు లేవు. స్తంభాలు పడటానికి కేబుళ్లే కారణమనడం అన్యాయం. ఆ గాలికి చెట్లే వేళ్లతో లేచాయి. కానీ ఒరిగిన స్తంభాన్ని లేపాలంటే దానికి చిక్కుకున్న కేబుళ్లను ముందు కోయాలి. ఆ పని చేసిన లైన్‌మన్‌కు ఏది ఎవరిదో ఎవరూ చెప్పలేదు.

తుఫాను నుంచి రెండు పాఠాలు తీసుకున్నారు. అవి ఒకదానికొకటి ఎదురెదురుగా నడిచాయి. కరెంటు విషయంలో, తీగను భూమిలోకి దించాలన్నారు. 2015లో ప్రపంచ బ్యాంకు ఆమోదించిన ఆంధ్రప్రదేశ్ విపత్తు పునరుద్ధరణ ప్రాజెక్టులో విశాఖ భూగర్భ కేబుళ్లు కూడా ఉన్నాయి. సరిగ్గా అదే ఏడాది, ఇంటర్నెట్ విషయంలో, రాష్ట్ర ప్రభుత్వం తీగను స్తంభం మీదికి ఎక్కించింది.

అదే ఏపీ ఫైబర్‌నెట్. ఆలోచన తెలివైనదే. ఊరూరా ఆప్టికల్ ఫైబర్ తవ్వి వేయాలంటే వేల కోట్లు, ఏళ్లు. ప్రతి ఊరికీ కరెంటు స్తంభం అప్పటికే చేరింది. 33 కేవీ, 11 కేవీ స్తంభాల మీద 24 కోర్ల, అంటే 24 గాజు పోగుల, కేబుల్ లాగి, సబ్‌స్టేషన్లలోనే పరికరాలు పెడితే సరిపోతుందన్నారు. సుమారు 23,800 కిలోమీటర్లు, 333 కోట్ల రూపాయలని ప్రభుత్వం చెప్పింది. తవ్వకంతో పోలిస్తే అది ఏ మూలకూ రాదు. నెట్‌వర్క్ మొత్తాన్ని కనిపెట్టుకునే కేంద్రం విశాఖలోనే పెట్టారు. 2017 డిసెంబర్ 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ దీన్ని ప్రారంభించారు. నెలకు 149 రూపాయలకే టీవీ, ఇంటర్నెట్, ఫోన్ అనడంతో రాష్ట్రమంతా మాట్లాడుకుంది.

దీన్ని పాత కోయాక్సియల్‌తో ఒక గాటన కట్టకూడదు. ఏడీఎస్ఎస్ అనే ఈ కేబుల్‌లో లోహం ఉండదు. లోపల గాజు పోగులు, బలానికి అరామిడ్ అనే గట్టి కృత్రిమ నూలు, పైన ప్లాస్టిక్ తొడుగు. తనను తాను మోసుకుంటుంది, జీఐ వైరు అక్కర్లేదు. పక్కన హైటెన్షన్ లైనున్నా కాంతికి గురగుర అంటదు. పీటీసీసీ పుట్టడానికి కారణమైన సమస్య గాజుతో తీరిపోయింది. మెయిన్ లైను దాకా ఈ పని పద్ధతిగానే జరిగింది: ఎంత వేలాడాలో లెక్క, సరైన క్లాంపులు, జాయింటు పెట్టెలు. చిక్కు చివరి వంద మీటర్లలో వచ్చింది. ఇంటికి కనెక్షన్ ఇచ్చేది మళ్లీ వీధిలోని పాత కేబుల్ ఆపరేటరే. స్తంభం నుంచి ఇంట్లోకి వచ్చే సన్నటి డ్రాప్ కేబుల్, తరచూ రెండు పక్కల ఉక్కు తీగలతో ఉండేది, పాత కోయాక్సియల్ పక్కనే ఎక్కింది. మిగిలిన ముక్కను కోయకుండా చుట్టచుట్టి స్తంభానికే కట్టేశారు, రేపు మరమ్మతుకు పనికొస్తుందని.

ఇదే కాలంలో ప్రైవేటు బ్రాడ్‌బ్యాండ్ కంపెనీలు వచ్చాయి. కోవిడ్‌లో ఇంటింటికీ ఆఫీసు, బడి చేరాయి. ఒక ఇంటివాళ్లు మూడేళ్లలో మూడు కంపెనీలు మారితే స్తంభం మీద మూడు డ్రాప్ కేబుళ్లు మిగులుతాయి, పనిచేసేది ఒకటి. పాత కోయాక్సియల్ సంగతీ అంతే. 2013 మార్చి 31తో విశాఖ సహా 38 నగరాల్లో కేబుల్ టీవీ డిజిటల్ కావాల్సి వచ్చింది. ఆ తర్వాత లైన్లు ఫైబర్‌కు మారుతూ పోయాయి, పాత నల్ల తీగలు చాలా చోట్ల అలాగే ఉండిపోయాయి.

నియమాలు కూడా ఎక్కించే వైపే మొగ్గాయి. 2016లో కేంద్రం దారి హక్కు నియమాలు తెచ్చింది. 2021 అక్టోబర్ సవరణతో గాల్లో వేసే కేబుళ్లను అందులో చేర్చి, ఒక్కసారి కట్టే పరిహారం కిలోమీటరుకు గరిష్ఠంగా వెయ్యి రూపాయలన్నారు. తవ్వితే రోడ్డు బాగుచేసే ఖర్చు, అనుమతుల కోసం మున్సిపల్ కార్పొరేషన్ చుట్టూ తిరగడం అదనం. వ్యాపారం చేసేవాడు ఏది ఎంచుకుంటాడో చెప్పక్కర్లేదు. 2023 టెలికమ్యూనికేషన్స్ చట్టం కింద కొత్త దారి హక్కు నియమాలు 2025 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చాయి. అనుమతులు ఇంకా సులువయ్యాయి.

దించడానికి ఎవరికీ లాభం లేదు. చచ్చిన కేబుల్ తీయాలంటే మనిషి, నిచ్చెన, ఆ కాసేపు కరెంటు ఆపే లైన్ క్లియరెన్స్ కావాలి. ప్లాస్టిక్ తొడుగు, గాజు పోగు అమ్మితే టీ ఖర్చు కూడా రాదు, రాగి అయితే ఎవరో ఒకరు ఎప్పుడో దింపేసేవారు. మారిపోయిన కస్టమర్ కోసం పాత కంపెనీ ఆ ఖర్చు పెట్టదు. కొత్త కంపెనీకి పక్కవాడి తీగ ముట్టుకునే హక్కు లేదు. ఈపీడీసీఎల్‌కు స్తంభం తనదే కానీ, ఏ కేబుల్ కోస్తే ఏ ఆస్పత్రి లైను పోతుందో తెలియదు. అందుకని ఏటా వినాయక చవితికి ముందు, ముఖ్యంగా ఎత్తైన విగ్రహాలు పెట్టే గాజువాక వైపు, కిందికి జారిన తీగలను కొంత పైకి కట్టడమో, తెంపడమో జరుగుతుంది. నిమజ్జనం దారిలో కుర్రాళ్లు వెదురు కర్రలతో తీగలు ఎత్తిపట్టడం చూస్తూనే ఉంటాం. వాటిలో ఏది కేబుల్, ఏది కరెంటు తీగ అన్నది చీకట్లో వాళ్లు ఊహించాల్సిందే.

2025 అక్టోబర్‌లో గూగుల్ విశాఖలో డేటా కేంద్రాన్ని, దానితోపాటు సముద్రగర్భ కేబుళ్లు ఒడ్డుకు చేరే ఏర్పాటును ప్రకటించింది. అయిదేళ్లలో 1,500 కోట్ల డాలర్ల పెట్టుబడి అన్నారు. ఆ కేబుల్ ఎక్కడ ఒడ్డుకు చేరాలో, ఎంత లోతున పూడ్చాలో కాగితాల మీద ఉంటుంది, ఎవరిదో కూడా ఉంటుంది. వీధి స్తంభం మీది కేబుళ్లకు కావాల్సింది కూడా అలాంటి పట్టికే: ఏ స్తంభం మీద ఎవరి కేబుల్, ఎప్పుడు ఎక్కింది, కనెక్షన్ పోయాక ఎన్ని రోజుల్లో దించాలి, దించకపోతే ఎవరి డిపాజిట్ నుంచి ఖర్చు తీసుకోవాలి. ఎక్కించేటప్పుడే దించే ఖర్చు డిపాజిట్‌గా కట్టించుకోకపోతే కత్తిరింపుల డ్రైవ్ ఎన్నిసార్లు చేసినా, నెల తిరక్కుండా అదే స్తంభానికి కొత్త చుట్ట ఎక్కుతుంది.