ఇంట్లో ఏ కష్టమూ లేదు కాబట్టి నాటకమేనా?

"మేం ఏం తక్కువ చేశాం మేడమ్?" చాలామంది తల్లులు నా ముందు కూర్చోగానే అడిగే మాట ఇది. పిల్ల కళ్ళు గట్టిగా మూసుకుని పడిపోతుంది. పావుగంట, ఒక్కోసారి అరగంట కాళ్ళూ చేతులూ కొట్టుకుంటుంది. వీడియో తీస్తూ మెదడు విద్యుత్ తరంగాలను నమోదు చేసే వీడియో ఈఈజీ పరీక్షలో మూర్ఛ (ఫిట్స్ జబ్బు) కనిపించదు. కాగితం మీద 'డిసోసియేటివ్' అని రాస్తారు, అంటే మనసుకూ శరీరానికీ మధ్య పట్టు కాసేపు తప్పిపోవడం (డిసోసియేషన్) వల్ల వచ్చినదని. ఇంటికి వెళ్ళేలోపే బంధువులు దాన్ని 'నాటకం' అని అనువదించేస్తారు.

నటన తెలిసి చేసేది. ఇది ఆ పిల్ల చేతిలో లేదు. నేను వైద్య శిక్షణలో ఉన్నప్పుడు, పడిపోయిన ఒక ఇంటర్ విద్యార్థిని ముక్కు దగ్గర మా సీనియర్ ఒకరు అమోనియా దూది పెట్టి "చూడు, ఇప్పుడు లేస్తుంది" అన్నారు. నేను పక్కనే ఉండి కూడా వద్దనలేదు. రెండు రోజుల తర్వాత ఆ అమ్మాయి అంది: "అన్నీ వినిపించాయి మేడమ్. రెప్పలే నా మాట వినలేదు." నాలుగోసారి కలిసినప్పుడు గానీ అసలు సంగతి బయటికి రాలేదు. మార్కులు తగ్గినప్పుడల్లా హాస్టల్లో అందరి ముందూ నిలబెట్టేవారట. ఇంటికి ఫోన్ చేసి చెబితే "అందరూ చదవడం లేదా?" అన్నారట. ఇంట్లోవాళ్ళ లెక్కలో అది కష్టమే కాదు.

బాల్యంలో హింస, నిరాదరణ, అవమానాలు డిసోసియేషన్ వచ్చే అవకాశాన్ని పెంచుతాయి. అవి అనుభవించిన వారందరికీ ఇది రాదు. ఇది వచ్చిన ప్రతివారి వెనకా ఘోరం జరిగి ఉండాలనీ లేదు. శరీర లక్షణాలుగా బయటపడే ఈ రకానికి మానసిక ఒత్తిడిని కారణంగా చూపించి తీరాలన్న నిబంధనను అమెరికా సైకియాట్రీ సంఘం 2013లో తన మానసిక జబ్బుల నిర్ధారణ గ్రంథమైన డీఎస్‌ఎం-5 నుంచి తొలగించింది. కాబట్టి "ఏం జరిగింది, చెప్పు" అని పిల్లను నిలదీయకండి.

మిగతావి క్లుప్తంగా. బోనాల్లో వచ్చే పూనకం ఆచారంలో భాగం, జబ్బు కాదు. సినిమాల్లో చూపించే రెండు వ్యక్తిత్వాల సమస్య వేరు, అది స్కిజోఫ్రెనియా కూడా కాదు. మూర్ఛ మాత్రలు దీనికి పనిచేయవు. అయితే కొందరికి రెండూ ఉంటాయి కనుక సొంతంగా ఆపేయవద్దు.

మొదటిసారి వచ్చినా, అయిదు నిమిషాలు దాటినా ఆసుపత్రికి తీసుకెళ్ళండి, తేడా ఇంట్లో తేల్చలేం. నిర్ధారణ అయ్యాక మళ్ళీ వస్తే తాళాలు, ఉల్లిపాయలు, చెంపదెబ్బలు వద్దు. దెబ్బ తగలకుండా చూసి, జనాన్ని పంపించి, మెల్లగా మాట్లాడండి. ఆమెకు వినిపిస్తూ ఉండవచ్చు. ఎవరిని అడగాలో తెలియకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడతారు.