పర్లాకిమిడి రైలు, మా ఊరి స్టేషన్

ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం మధ్య ఉన్న మా ఊళ్లో పాత స్టేషన్ గది ఇంకా నిలబడే ఉంది. బ్రాడ్‌గేజి రైలు దాని ముందు నుంచే పోతుంది కానీ ఆగదు. రైలు కాసేపు ఆగే హాల్ట్ కావాలని అడిగినప్పుడల్లా రైల్వేవాళ్లు ఎక్కేవాళ్లు తక్కువ, ఇంత చిన్న ఊరికి స్టేషన్ ఎందుకంటారు. అసలు ఈ లైను పుట్టిందే పెద్ద లైను వదిలేసి పోయిన ఊళ్ల కోసం.

1890ల్లో మద్రాసు, కలకత్తాలను కలిపే లైను శ్రీకాకుళం జిల్లా నౌపడ మీదుగా పడింది. జమీందారీకి కేంద్రమైన పర్లాకిమిడి అక్కడికి 40 కిలోమీటర్ల దూరంలో ఉండిపోయింది. రాజా గౌరచంద్ర గజపతి సుమారు 7 లక్షల రూపాయలతో రెండున్నర అడుగుల నేరోగేజి పట్టాలు వేయించారు. 1900లో రైలు నడిచింది. రెండేళ్లకు నిర్వహణ బెంగాల్ నాగపూర్ రైల్వే చేతికి వెళ్లింది. మొదట్లో అన్నీ నష్టాలే. అయినా రైలు ఆపలేదు, ఈ మాట ఇప్పుడు లెక్కలు చెప్పేవాళ్లు గుర్తుంచుకోవాలి. 1910 తర్వాత కాస్త లాభం కనిపించింది, 1924-25 తర్వాత బాగా పుంజుకుంది. ఆ ధైర్యంతోనే 1929లో, 1931లో రెండు విడతలుగా లైనును గుణుపురం దాకా పొడిగించారు. మా వైపు ఊళ్లకు రైలు వచ్చింది అప్పుడే.

1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ఏర్పడింది. మహేంద్రతనయ నదికి అటూ ఇటూ ఉన్న పర్లాకిమిడి, పాతపట్నం చెరో రాష్ట్రానికి పోయాయి. చుట్టరికాలు మాత్రం ఎక్కడికీ పోలేదు. టెక్కలిలో పెళ్లన్నా, పాతపట్నంలో పురుడన్నా మా ఇంట్లో ముందు అడిగేది బండి ఎన్ని గంటలకనే. బండి మెల్లగా నడిచేది, కానీ ఊరూరా ఆగేది.

2004 జూన్ 9న గేజి మార్పిడి కోసం నేరోగేజి ఆపేశారు. బ్రాడ్‌గేజి పర్లాకిమిడికి 2010లో, గుణుపురానికి 2011లో చేరింది. పెద్ద గేజి కావాలని మేమూ కోరుకున్నాం, రైలు నేరుగా దూరాలకు పోతుందని సంతోషించాం. అయితే ఆ ఏడేళ్లలో జనం ఆటోలకు, బస్సులకు అలవాటు పడ్డారు. రైలే లేని కాలం తర్వాత ఇక్కడ ఎక్కేవాళ్లు తక్కువని తేల్చడం న్యాయం కాదు. 2004కు ముందు ఈ గది దగ్గర టికెట్టు కోసం నిలబడినవాళ్లు ఇంకా ఊళ్లోనే ఉన్నారు, వాళ్లను అడగొచ్చు.

ఊరు అడుగుతున్నది పొద్దున ఒక బండి, సాయంత్రం ఒక బండి, ఒక్కో నిమిషం ఆగాలని.