పేదరికం దాటే దారి పక్క టౌనుకే

టాంజానియాకు వాయవ్య మూలన, విక్టోరియా సరస్సు పక్కన కగేరా ప్రాంతం ఉంది. అరటి, కాఫీ తోటల మీద బతికే పల్లెలే ఎక్కువ. 1991లో అక్కడ 900 పైచిలుకు కుటుంబాలతో ఒక సర్వే మొదలైంది. ఊరు విడిచిపోయినవాళ్ల పేర్లు కొట్టేయకుండా, వాళ్లు ఎక్కడ స్థిరపడ్డారో వెతుక్కుంటూ వెళ్లి 2010 దాకా వివరాలు రాసుకున్నారు. ఇంత ఓపికగా జరిగిన సర్వేలు చాలా అరుదు.

ఆ ఏళ్లలో పేదరికం నుంచి బయటపడ్డవాళ్లలో దాదాపు సగం మంది సేద్యం మాని పల్లెల్లోనే వేరే పనులు చూసుకున్నవాళ్లు, లేదా చిన్న పట్టణాలకు చేరినవాళ్లు. పెద్ద నగరానికి వెళ్లి బయటపడ్డది ఏడుగురిలో ఒక్కరే. నగరం చేరినవాళ్ల బతుకు ఇంకా వేగంగా మెరుగుపడిన మాట నిజమే. కానీ అంతదూరం వెళ్లగలిగినవాళ్లే తక్కువ.

టాంజానియాలో అన్నిటికంటే పెద్ద నగరం దారెస్సలామ్ కగేరాకు వెయ్యి కిలోమీటర్ల పైమాటే. బస్సు చార్జీ, పని దొరికేదాకా తిండి ఖర్చు, తల దాచుకోవడానికి తెలిసినవాళ్ల ఇల్లు, ఇవన్నీ కుదరాలి. పేదవాడికి లేనివే ఇవి. పక్క టౌనైతే అంత టెన్షన్ ఉండదు. మేస్త్రీ దగ్గర పని లేకపోతే ఇంటికి తిరిగొచ్చేయొచ్చు, కోతల రోజుల్లో పొలానికీ అందుబాటులో ఉండొచ్చు.

మన దేశంలో దీన్ని ఉపగ్రహాలు తీసిన రాత్రి చిత్రాలతో పరిశీలించారు. దీపాల వెలుగు పెరిగితే అక్కడ ఆర్థికంగా ఎదుగుదల ఉన్నట్టు లెక్క. నగరం నడిబొడ్డున వెలుగు ఇంకా పెరగడం కంటే, వెలుగున్న ప్రాంతం పల్లెల వైపు విస్తరించడమే గ్రామీణ పేదరికాన్ని ఎక్కువగా తగ్గించింది. అందులోనూ మహానగరాల కంటే చిన్న పట్టణాల ఎదుగుదలే పల్లె పేదలకు ఎక్కువ మేలు చేసింది.

అలాంటి ఊళ్లను మనం పట్టించుకోకపోవడం నాకు చాలా బాధగా అనిపిస్తుంది. కనీసం 5,000 జనాభా, చదరపు కిలోమీటరుకు కనీసం 400 మంది, పని చేసే మగవాళ్లలో కనీసం ముప్పావు వంతు వ్యవసాయేతర పనుల్లో ఉంటే జనాభా లెక్కలు ఆ ఊరిని ‘సెన్సస్ టౌన్’ అంటాయి. 2001లో ఇవి 1,362. 2011కి దాదాపు 3,900 అయ్యాయి. పాలన మాత్రం పంచాయతీదే. 2015లో వచ్చిన స్మార్ట్ సిటీ పథకం 100 నగరాలకే పరిమితమైంది. పట్టణాల్లో తాగునీరు, డ్రైనేజీ కోసం అదే ఏడాది కేంద్రం తెచ్చిన అమృత్ పథకం ప్రధానంగా లక్ష జనాభా దాటినవాటికి వెళ్లింది. 2021లో అమృత్‌ను విస్తరించినప్పుడు కూడా మున్సిపాలిటీలా చట్టప్రకారం పట్టణమైతేనే చోటు దొరికింది. పల్లె కూలీ మొదట పనికి వెళ్లే టౌనులో డ్రైనేజీ, తాగునీరు, తెల్లవారుజామున ఒక బస్సు ఉండాలంటే ఆ నిధులు పంచాయతీ టౌన్లకూ చేరాలి.