దగ్గు లేదు, ఆయాసం లేదు, అయినా సిస్టిక్ ఫైబ్రోసిస్ పరీక్ష ఎందుకు?

వీర్య పరీక్ష రిపోర్టులో శుక్రకణాలు సున్నా. వీర్యం ఒక మిల్లీలీటరు కూడా లేదు, పైగా ఆమ్లగుణం, ఫ్రక్టోజ్ (వీర్యంలో మామూలుగా ఉండే చక్కెర) కనిపించలేదు. మనిషి మాత్రం నిక్షేపంగా ఉన్నాడు. ఇలాంటి రిపోర్టు చూసిన యూరాలజిస్టు వృషణాల పైభాగాన్ని వేళ్లతో తడిమి చూస్తాడు. గట్టి పురికొసలా చేతికి తగలాల్సిన శుక్రవాహిక (శుక్రకణాలు బయటికొచ్చే గొట్టం) రెండువైపులా లేకపోతే, ఆయన తర్వాత రాసేది సిస్టిక్ ఫైబ్రోసిస్ (ఊపిరితిత్తుల్ని, క్లోమాన్ని దెబ్బతీసే వంశపారంపర్య జబ్బు) జన్యు పరీక్ష. ఊపిరితిత్తుల జబ్బుకీ దీనికీ ఏమిటి సంబంధమని దంపతులు తెల్లబోతారు.

ఆ సంబంధం డాక్టర్లకీ చాలాకాలం తెలియదు. 1938లో ఈ జబ్బుకు స్పష్టమైన రూపం ఇచ్చిన న్యూయార్క్ పాథాలజిస్టు డొరొతీ ఆండర్సన్ చూసింది క్లోమం దెబ్బతిని చనిపోయిన పసిపిల్లల్ని. బడి ఈడు దాకా బతకడమే గగనమైనప్పుడు వాళ్లకి పిల్లలు పుడతారా లేదా అన్న ప్రశ్న ఎవరికి తడుతుంది? యాంటీబయాటిక్స్ వచ్చాక కొందరు యౌవనానికి చేరారు. ఆ మగవాళ్లకి సంతానం కలగడం లేదన్న సంగతి 1968లో వైద్య పత్రికలకెక్కింది. వృషణాల్లో శుక్రకణాలు తయారవుతున్నాయి, లైంగిక సామర్థ్యానికీ లోటు లేదు, కణాలు బయటికొచ్చే గొట్టమే లేదు. ఈ జబ్బున్న మగవాళ్లలో 95 శాతానికి పైగా పరిస్థితి ఇదే.

1989లో టొరంటోలో లాప్-చీ సూయ్, జాన్ రియోర్డన్, మిషిగన్‌లో ఫ్రాన్సిస్ కాలిన్స్ బృందాలు కలిసి ఏడో క్రోమోజోమ్ మీద సీఎఫ్‌టీఆర్ జన్యువును పట్టుకున్నాయి. ఈ జన్యువు తయారుచేసే ప్రొటీన్ కణం గోడలో క్లోరైడ్‌కి తలుపు లాంటిది. తలుపు సరిగా తెరుచుకోకపోతే నీరు చాలక స్రావాలు జిగురుకడతాయి. శుక్రవాహిక తల్లి కడుపులోనే ఇలా పూడుకుపోయి క్షీణిస్తుందన్నది ఎక్కువమంది ఒప్పుకునే వివరణ.

అసలు మలుపు ఆ తర్వాతే. శుక్రవాహికలు లేని ఆరోగ్యవంతులైన మగవాళ్లు సంతానలేమి క్లినిక్‌లకి ముందునుంచీ వస్తూనే ఉన్నారు. అదేదో పుట్టుకలోపం అనుకుని వదిలేసేవారు. 1990 తర్వాత వాళ్ల జన్యువులు చూస్తే ఎక్కువమందిలో ఇవే సీఎఫ్‌టీఆర్ మ్యుటేషన్లు (జన్యువులో లోపాలు)! 1995లో ఇంకో ముడి విడింది. ఈ జన్యువులో ఒకచోట థైమిన్ అక్షరం వరుసగా ఏడుసార్లో తొమ్మిదిసార్లో ఉండాలి. అయిదే ఉంటే (దీన్నే 5టీ అంటారు) ప్రొటీన్ సూచనల్లో ఒక ముక్క తరచూ జారిపోతుంది. పనికొచ్చే ప్రొటీన్ తగ్గుతుంది. ఆ కాస్తతో ఊపిరితిత్తులు నెట్టుకొస్తాయి, శుక్రవాహిక నెట్టుకురాలేదు. అయితే ప్రతి కేసూ ఈ జన్యువుదే కాదు. ఒక కిడ్నీ కూడా పుట్టుకతో లేనివాళ్లలో కారణం చాలావరకు వేరు.

ఈలోగా 1992లో బ్రస్సెల్స్ నుంచి ఇక్సీ అనే సంతాన చికిత్స పద్ధతి వచ్చింది. సూదితో తీసిన శుక్రకణాన్ని నేరుగా అండంలోకి ఎక్కించొచ్చు. ప్రకృతి తండ్రి దగ్గరే ఆపేసిన మ్యుటేషన్ ఇప్పుడు బిడ్డకి చేరే దారి దొరికింది. అందుకే భార్యకీ ఇదే జన్యువు కోసం రక్తపరీక్ష తప్పనిసరి అంటాను. ఈ జన్యువు ప్రతి మనిషిలో రెండు కాపీలుంటుంది. భర్త రెండు కాపీల్లోనూ లోపం ఉండి, భార్య క్యారియర్ (ఒక్క కాపీలోనే లోపం ఉండి, జబ్బు లేని మనిషి) అయితే, బిడ్డకి రెండు లోపభూయిష్ఠ కాపీలు చేరే అవకాశం ప్రతి కాన్పులోనూ సగానికి సగం. వచ్చేది తీవ్రమైన జబ్బా, స్వల్పమైనదా అన్నది ఆ మ్యుటేషన్లను బట్టి ఉంటుంది. ఐవీఎఫ్ తొందరలో దాటేయకూడని మెట్టు ఇది. ఇంకో మాట: కొన్ని ల్యాబుల మామూలు ప్యానెల్లో (వెతికే మ్యుటేషన్ల జాబితాలో) 5టీ ఉండదు, రిపోర్టులో ‘నార్మల్’ అని ఉన్నా అది చూశారో లేదో అడగాలి.