రాస్ బరువు 175 పౌండ్లు

ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ షికాగోలో మూలన కళాకృతిగా పోసి ఉన్న మిఠాయి బిళ్లల కుప్ప పక్కన గోడ మీది వివరణ మారిపోయిందంటూ 2022 సెప్టెంబరులో ఒక సందర్శకుడు స్థానిక పత్రికకు లేఖ రాశారు. ఆ కుప్ప బరువు సగటు మగమనిషి బరువుకు సమానమని కొత్త వివరణలో ఉంది; కళాకారుడి జీవిత సహచరుడైన రాస్ ప్రస్తావన లేదు, ఎయిడ్స్ మాటా లేదు. విమర్శలు పెరిగాక మ్యూజియం ఆ రెండింటినీ తిరిగి చేర్చింది. ఇంత చిన్న వివరణకు అంత పట్టింపు ఎందుకో తెలియాలంటే ఆ కుప్ప పుట్టిన రోజుల్లోకి వెళ్లాలి.

ఫెలిక్స్ గొంజాలెజ్-టోరెస్ 1957లో క్యూబాలో పుట్టి, న్యూయార్క్‌లో కళాకారుడిగా ఎదిగారు. ఆయన సహచరుడు రాస్ లేకాక్ 1991 జనవరిలో ఎయిడ్స్‌తో మరణించారు. అదే ఏడాది గొంజాలెజ్-టోరెస్ చేసిన ఈ ఇన్‌స్టలేషన్ (వస్తువులను ఒకచోట అమర్చి చేసే కళాకృతి) పేరు ‘అన్‌టైటిల్డ్’, అంటే శీర్షిక లేనిది. పక్కనే కుండలీకరణాల్లో ‘పోర్ట్రెయిట్ ఆఫ్ రాస్ ఇన్ ఎల్.ఎ.’ అని ఉంటుంది. దీనికి నిర్ణయించిన ఆదర్శ బరువు 175 పౌండ్లు, అంటే సుమారు 79 కిలోలు. రాస్ ఆరోగ్యంగా ఉన్ననాటి బరువుగా దీన్ని చెబుతారు. వచ్చినవారు ఒక బిళ్ల తీసుకుని, గలగలమనే రంగుకాగితం విప్పి, నోట్లో వేసుకోవచ్చు. బిళ్ల కరిగిపోయాక చేతిలో కాగితం మిగులుతుంది. జబ్బు మనిషిని హరించినట్టే కుప్పా తరుగుతుంది, కానీ దాన్ని మళ్లీ నింపవచ్చు. రాస్‌కు దక్కని ఆ అవకాశమే నన్ను అన్నింటికంటే ఎక్కువగా కదిలిస్తుంది.

లాస్ ఏంజెలెస్‌లో అయిదుగురు యువకులకు అరుదైన న్యుమోనియా సోకిందన్న అమెరికా ప్రభుత్వ నివేదిక 1981 జూన్‌లో వెలువడింది; అవి ఎయిడ్స్ కేసులని తర్వాత తేలింది. ఆ తర్వాత ఏళ్ల తరబడి ఎన్నో కుటుంబాలు మరణకారణాన్ని దాచిపెట్టాయి. స్వలింగ సంపర్కాన్ని ప్రోత్సహిస్తుందనిపించే ఎయిడ్స్ అవగాహన సామగ్రికి ప్రభుత్వ నిధులు అందకుండా సెనేటర్ జెస్సీ హెల్మ్స్ 1987లో సవరణ తెచ్చారు. 1989లో వాషింగ్టన్‌లోని కార్కరన్ గ్యాలరీ రాజకీయ ఒత్తిడికి జంకి, నగ్నదేహాల చిత్రాలూ ఉన్న రాబర్ట్ మేపుల్‌థోర్ప్ ఛాయాచిత్ర ప్రదర్శనను రద్దు చేసింది. అలాంటి కాలంలో, అభ్యంతరం చెప్పడానికి నగ్నదేహమే కనిపించని ఈ కుప్ప ఒక ప్రేమికుడి దేహాన్ని మ్యూజియం మధ్యకు తెచ్చింది. గొంజాలెజ్-టోరెస్ కూడా 1996 జనవరిలో, 38 ఏళ్ల వయసులో, అదే వ్యాధితో కన్నుమూశారు.

తన కృతులకు ఒకే అర్థాన్ని ఖరారు చేయడానికి ఆయన ఇష్టపడలేదన్నది నిజమే. అయితే ఆ వెసులుబాటు చూడవచ్చినవారు తాము పోగొట్టుకున్నవారిని తలుచుకోవడానికి ఇచ్చినదే తప్ప, ఆయనే శీర్షికలో రాసిన పేరును సంస్థలు పక్కన పెట్టడానికి ఇచ్చినది కాదని నా నమ్మకం. బరువు సగటు మగమనిషిదని మాత్రమే రాస్తే, తాము చప్పరిస్తున్నది ఎవరి దేహంలోని భాగమో ఆ బిళ్ల తీసుకున్నవారికి తెలియకుండా పోతుంది.