పాత పాటల శుద్ధి: అపోహలు - వాస్తవాలు

విజయవాడలో పాత క్యాసెట్లను, గ్రామఫోను రికార్డులను డిజిటల్ రూపంలోకి మార్చడం నా వృత్తి. 1948 డిసెంబరు 1న ఆకాశవాణి కేంద్రం మొదలైన ఊరు కావడం వల్ల, ‘భక్తిరంజని’ని రేడియో నుంచి ఇంట్లోనే ఎక్కించుకున్న క్యాసెట్లు కూడా నా దగ్గరకు వస్తుంటాయి. వాటిని తెచ్చేవారి నోట తరచుగా వినే మాటలు కొన్ని చెబుతాను.

అపోహ: సాఫ్ట్‌వేర్‌లో ఒక్క బటన్ నొక్కితే రొద పోయి పాట మిగులుతుంది.

వాస్తవం: ఏది పాటో, ఏది రొదో ఆడాసిటీ వంటి సాఫ్ట్‌వేర్‌కు మనమే చెప్పాలి. పాట లేని చోట వినిపించే బుసను నమూనాగా ఇస్తే, ఏ పౌనఃపున్యం దగ్గర అది ఎంత బలంగా ఉందో లెక్కగట్టి, ఆ హద్దుకు దిగువన ఉన్న ధ్వనినంతా అణచివేస్తుంది. మన సంగీతానికి చిక్కు వచ్చేది ఇక్కడే. కచేరీలో గాయకుడు గొంతు విప్పకముందే తంబురా మోగుతుంటుంది కనుక, ఖాళీ అనుకుని తీసుకున్న నమూనాలో శ్రుతి కూడా కలిసిపోయి, చివరిదాకా తంబురానే రొదగా తుడిచిపెట్టుకుపోతుంది. వృత్తిలో చేరిన కొత్తలో నేను చేసిన పొరపాటు అదే, క్యాసెట్ తెచ్చిన పెద్దాయన విని, “తంబురా ఏది బాబూ?” అని అడిగారు. నమూనా సరైనదే అయినా, మోతాదు మించితే మృదంగ నాదం కొస తెగిపోతుంది, నీటి బుడగల వంటి కృత్రిమ ధ్వనులు పుడతాయి. అందుకే నేను రొదను 6 నుంచి 10 డెసిబెల్స్ తగ్గించి ఆగిపోతాను. కొంత బుస ఉండిపోతుంది, ఉండనివ్వాలి.

అపోహ: టేపు ఎలా ఆడించినా తర్వాత కంప్యూటర్‌లో సరిచేసుకోవచ్చు.

వాస్తవం: క్యాసెట్ టేపు సెకనుకు 4.76 సెంటీమీటర్ల వేగంతో నడుస్తుంది కాబట్టి, 10,000 హెర్ట్జ్ ధ్వని తాలూకు ఒక్కో తరంగం టేపు మీద 5 మైక్రాన్లు కూడా ఉండదు. టేపును చదివే ప్లేయర్ హెడ్ కొద్దిగా వాలినా అంత సన్నని ముద్ర అందదు. అందనిదాన్ని తర్వాత పెంచబోతే బుస పెరుగుతుంది. నిమిషానికి 78 సార్లు తిరిగే పాత గ్రామఫోను రికార్డుకు, సన్నని గాడి ఉండే ఎల్‌పీ రికార్డుల ముల్లు వాడితే అది గాడి అడుగున దుమ్ములో కదులుతుంది.

అపోహ: చిటపటలను, బుసను ఏ వరుసలో తీసినా ఒకటే.

వాస్తవం: చిటపటలే ముందు.

అపోహ: శుద్ధి అయ్యాక మొదటి ఫైలు అక్కర్లేదు.

వాస్తవం: ఏ మార్పూ చేయని ఫైలును 96 కిలోహెర్ట్జ్, 24 బిట్ నాణ్యతలో దాచాలి, స్టీరియో అయితే గంటకు సుమారు 2 గిగాబైట్లు పడుతుంది. ఆ పెద్దాయన కచేరీని తంబురాతో సహా మళ్లీ ఇవ్వగలిగింది అలాంటి ఫైలు ఉన్నందువల్లే. అప్పటికే ఆయన క్యాసెట్‌లో టేపు పూత రాలిపోతోంది.